తిరిగొచ్చే తేదీ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



కరీంనగర్ నుంచి రాస్తున్నాను. జనరల్ మెడిసిన్ పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాను. పొద్దున పూట మా ఇంటి వరండాలో బీపీ, షుగరు చూపించుకునే నలుగురు ముసలివాళ్లుంటారు. నీట్ పీజీ ఫలితాలు వచ్చాయంటే మాత్రం సాయంత్రాలు ఆ వరండా హౌస్ సర్జన్లతో నిండిపోతుంది. ఏ బ్రాంచి, ఏ కాలేజీ, వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి, ఏది వెనక పెట్టాలి? అందరిదీ ఇదే రంధి. ఏళ్లుగా విన్న ప్రశ్నలు కనుక జవాబులు నోటికొచ్చేశాయి.

ఈసారి ఒకమ్మాయి నేను వినని ప్రశ్న తెచ్చింది. పేరు రాయను. సిరిసిల్ల వైపు పిల్ల. నాన్న మరమగ్గాల మీద పనిచేస్తాడు, అమ్మ బీడీలు చేస్తుంది. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి మంచి ర్యాంకే తెచ్చుకుంది. "సార్, ఇక్కడ మెడిసిన్ సీటు వచ్చేటట్టుంది. మిలిటరీ హాస్పిటల్ల గూడ వచ్చేటట్టుంది. ఎటు పోవాల్నో జెర చెప్పుండ్రి" అంది.

వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. "మిలిటరోల్లు పైసలిచ్చి సదివిస్తరట గద సార్, మరి గదే మంచిది గాదా?" అన్నది. కాసేపాగి, నా వైపు చూడకుండా, "ఆడివిల్లను గూడ తుపాకి పట్టుమంటరా?" అని అడిగింది.

పైసల సంగతి తేలికే. స్టైఫండ్ రెండు చోట్లా ఇస్తారు. 2025లో మీ ప్రభుత్వం పెంచాక మన దగ్గర పీజీ మొదటి ఏడాదికి నెలకు 67,032 రూపాయలు వస్తున్నాయి. బీడీల లెక్కన అది ఎన్ని వేల కట్టలో ఆ తల్లి మనసులోనే లెక్క వేసుకుని ఉంటుంది. తుపాకి గురించి కూడా చెప్పాను. సైన్యంలో డాక్టరుకు తుపాకితో పని తక్కువ, తూటా తగిలిన వాడితో పని ఎక్కువ. ఆడవాళ్ల మాటకొస్తే 2024 అక్టోబరులో సాయుధ దళాల వైద్య సేవలన్నింటికీ డైరెక్టర్ జనరల్ అయింది ఒక మహిళే, సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తి సరీన్. ఆ పీఠం మీద ఒక మహిళ కూర్చోవడం అదే మొదలు. తల్లికి కొంత ధైర్యం వచ్చినట్టే కనిపించింది. కూతురు అడిగిన దానికే నా దగ్గర పూర్తి జవాబు లేకపోయింది. ఆ మిగిలిన సగం మీరు చెప్పాల్సింది. అందుకే ఈ ఉత్తరం.

మీకు తెలిసినవే అయినా, దీన్ని చదివే మిగతా తల్లిదండ్రుల కోసం రెండు దారులూ చెప్పనివ్వండి. మన దారి వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ మీదుగా పోతుంది. మూడేళ్ల పీజీ. అందులో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి, దాన్ని డీఆర్‌పీ అంటారు. పీజీ అయ్యాక ఏడాదిపాటు సీనియర్ రెసిడెంట్‌గా ప్రభుత్వం ఎక్కడ వేస్తే అక్కడ. సైన్యం దారిలో పెద్ద గుమ్మం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల. 1948లో పెట్టారు. దాన్ని అందరూ ఎంబీబీఎస్ కాలేజీగానే ఎరుగుదురు గానీ, అక్కడ ఎంబీబీఎస్ మొదలైంది 1962 ఆగస్టు 4న. అది కాక ఢిల్లీ, లక్నో, కోల్‌కతా, బెంగళూరు, ముంబయిలలో సైనిక, వైమానిక, నౌకాదళ ఆసుపత్రులున్నాయి, వాటిల్లోనూ పీజీ ఉంటుంది. అక్కడి సీట్లు ముందు సర్వీసులో ఉన్న ఆఫీసర్లకు ఇస్తారు, మిగిలితే మనలాంటి బయటివాళ్లకు. అలా చేరిన వాళ్లు చదువయ్యాక కొన్నేళ్లు షార్ట్ సర్వీస్ కమిషన్‌లో పనిచేస్తామని ముందే రాసివ్వాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎంబీబీఎస్ కాగానే కెప్టెన్ హోదాలో సైన్యంలో చేరిపోవడం, పీజీ సంగతి లోపలికి వెళ్లాక చూసుకోవడం. షార్ట్ సర్వీస్‌ను పొడిగించుకుంటూ పోతే పద్నాలుగేళ్ల దాకా ఉండొచ్చు.

మా మేనకోడలి కొడుకు టెక్సస్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. అక్కడ సైన్యం ఫీజు కడుతుందట, ఎన్నేళ్లు కడితే అన్నేళ్లు సేవ చేయాలట. సైనిక ఆసుపత్రుల్లో రెసిడెన్సీ ఎవరికి వచ్చిందో డిసెంబరులోనే చెప్పేస్తారు, మిగతా వాళ్లకు మార్చి దాకా ఆగాలి. ఫోన్లో ఇదంతా చెప్పి, "తాతా, ఒకసారి సంతకం పెట్టాక ఏ ఊరో మన చేతిలో ఉండదు, ఎన్నేళ్లో మాత్రం ముందే తెలుస్తుంది" అన్నాడు. ఆ మాట నాలో ఉండిపోయింది. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ముందు చదువు సంగతి. అమ్మాయికి నిజాయితీగా చెప్పిన మాట ఏమిటంటే, రోగాన్ని నేర్చుకోవాలంటే మన దారికి సాటి లేదు. ఆగస్టు నెలలో ఆదిలాబాద్ రిమ్స్ లాంటి చోట ఒక్క రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ చేసిన పీజీ చూసేవన్నీ పెద్ద పుస్తకంలో వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. పత్తి చేన్లో పాము కరిచినవాణ్ణి తెస్తారు. గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి చూస్తాడు, గడ్డకట్టలేదంటే రక్తపింజరి అనుకుని మందు మొదలుపెడతాడు. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేని ఆ పరీక్ష మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. పక్క మంచం మీద గడ్డిమందు తాగిన కుర్రాడు తెలివిగానే మాట్లాడుతుంటాడు. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు ఒకదాని వెనక ఒకటి పోతాయని డాక్టరుకు తెలుసు, వాడికి తెలియదు. వాడి ముఖం చూస్తూ వాళ్ల నాన్నతో ఎలా మాట్లాడాలో కూడా పీజీలోనే నేర్చుకోవాలి, దానికి పుస్తకం లేదు. గోండు గూడెం నుంచి ఎముకల నొప్పులని వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లకు సికిల్ సెల్ అని అనుమానించాలి. కేంద్రం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ అని మొదలుపెట్టింది గానీ, ఆ పిల్ల కళ్ల పచ్చదనాన్ని కామెర్లని పసరు మందుకు పంపకుండా ఆపేది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పీజీయే. ఐదు గ్రాముల రక్తంతో కాన్పుకు వచ్చే తల్లి ఉంటుంది, మలేరియా, డెంగీ ఉంటాయి. ఇంత చదువు ఏ దేశపు ఏ పేరున్న ఆసుపత్రిలో దొరుకుతుంది? దొరకదు.

సైనిక ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది వయసులో ఉన్న జవాన్లు, ఏరి ఏరి తీసుకున్న ఆరోగ్యవంతులు. వాళ్ల కుటుంబాలు, రిటైరైన వాళ్లూ వస్తారు కాబట్టి షుగరు, గుండెజబ్బు, కాన్పు అక్కడా ఉంటాయి. కానీ మా క్యాజువాలిటీ గుమ్మంలో పడే రకరకాల కష్టం అక్కడ కనిపించదు.

అయితే సైన్యం దగ్గర మన దగ్గర లేనిది ఒకటుంది. సైన్యం రోగిని పడకమీద కాక దారిలో చూస్తుంది. గాయపడ్డవాణ్ణి కొండ మీద నుంచి ఎవరు దింపాలి, ఏ గంటకు ఎక్కడికి చేరాలి, అక్కడ ఎవరు అందుకోవాలి అన్నదంతా అక్కడ వైద్యంలో భాగమే. 1962 చైనా యుద్ధంలో హిమాలయాల్లో వేలాది మంది జవాన్లను ఒక్కసారిగా ఎత్తుకు పంపినప్పుడు చాలామంది ఊపిరితిత్తుల్లో నీరు చేరి కుప్పకూలిపోయారు. ఇందర్ సింగ్, ఆయన తోటి సైనిక వైద్యులు 1,925 మంది జవాన్ల కేసులు రాసి 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేశారు. ఎత్తు ప్రదేశాల జబ్బు గురించి ప్రపంచం ఇప్పటికీ చదివే వ్యాసాల్లో అదొకటి. దగ్గరి సంగతి కావాలంటే చైనా సరిహద్దులోని గల్వాన్. 2020 జూన్ 15న మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ప్రాణం విడిచిన ఆ రాత్రే, ఆయన దళంతో ఉన్న నర్సింగ్ అసిస్టెంట్ నాయక్ దీపక్ సింగ్ తానూ గాయపడి, ముప్పై మందికి పైగా జవాన్లకు చికిత్స చేసి, అక్కడే పోయాడు. అతను డాక్టరు కూడా కాదు. వీరచక్ర ఇచ్చారు.

ఇక్కడొక పక్కదారి. పీజీ శిక్షణను ఇప్పుడు రెసిడెన్సీ అంటున్నాం గానీ, హైదరాబాద్‌లో రెసిడెన్సీ అంటే మా తాతల కాలంలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెంటు భవనం. అక్కడి వైద్యుణ్ణి రెసిడెన్సీ సర్జన్ అనేవాళ్లు, ఆ కొలువు సైనిక వైద్యులదే. 1888లో, 1889లో మత్తుమందు క్లోరోఫాం మీద కమిషన్లు నడిపిన ఎడ్వర్డ్ లారీ అలాంటివాడే. మన నేల మీద మొదటి రెసిడెన్సీ డాక్టర్లు యూనిఫాం వేసుకున్నవాళ్లన్నమాట! ఇంకో యూనిఫాం డాక్టరు రొనాల్డ్ రాస్. బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే రోగిని పది దోమలతో కుట్టించుకోమని, దోమకు ఒక అణా లెక్కన ఇచ్చి, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పురుగును చూశాడు. నోబెల్ వచ్చింది 1902లో. పిల్లలకు ఈ కథ చెప్పేవాళ్లు ఒక ముక్క వదిలేస్తారు. దోమ కడుపులో అది కనబడిన కొద్ది వారాలకే ఆయనకు బదిలీ ఆర్డరు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వాడాకు పొమ్మన్నారు. అక్కడ పనికొచ్చే మలేరియా కేసులు లేక, మొదలుపెట్టిన పని సగంలో ఆగి, కలకత్తా చేరేదాకా నెలల తరబడి ఉడికిపోయాడు. సైన్యంలో చేరాలనుకునే ప్రతి పిల్లకూ నేను ముందు చెప్పేది ఈ ముక్కే. నీ పరిశోధన, నీ థీసిస్, నీ పెళ్లి, ఏదీ ఆర్డరు కంటే ముందు కాదు.

అమ్మాయి ఇదంతా శ్రద్ధగా విన్నది. తర్వాత తన భయం చెప్పింది. రాత్రి డ్యూటీ భయం. కోల్‌కతా ప్రభుత్వ ఆసుపత్రిలో 2024 ఆగస్టు 9న డ్యూటీలో ఉన్న ఒక పీజీ అమ్మాయిని చెరిచి చంపిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. అప్పుడు మన జూనియర్ డాక్టర్లు కూడా రోడ్డెక్కారు. "మిలిటరీ హాస్పిటల్ల గేటు కాడ మనిషుంటడు గద సార్" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. మన ఆసుపత్రిలో రోగి పోతే బంధువులు డ్యూటీ డాక్టరు కాలరు పట్టుకున్న రాత్రులు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పని మామూలుగా వారానికి 48 గంటలే ఉండాలని 1992లో కేంద్రం రెసిడెన్సీ పథకంలో రాసింది. ఆ కాగితం నేను పీజీలకు చూపిస్తే నవ్వేవాళ్లు.

ఇక నా సంగతి. ఇది చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో నాతో చదివిన స్నేహితుడొకడు, నేనూ ఒకే నెలలో ఉద్యోగాల్లో చేరాం. వాడు సైన్యంలో, నేను ఆదిలాబాద్ ఏజెన్సీలో. తొంభైలలో మాట. నా ఆరోగ్య కేంద్రం పేరు అక్కర్లేదు, ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లకు ఇబ్బంది. ఏడాది తర్వాత మార్చేస్తామని నోటిమాటగా చెప్పారు. ఆర్డరులో ఆ ముక్క లేదు. డాక్టరు క్వార్టర్‌కు పైకప్పు సగమే ఉంది, నేను స్కూలు మాస్టారింట్లో ఒక గదిలో ఉన్నాను. వాన పడితే ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు. వాగు నిండితే ఇక అంతే.

స్నేహితుడి ఉత్తరాలు కేరాఫ్ 56 ఏపీఓ అన్న చిరునామాతో వచ్చేవి. కశ్మీర్ కొండల్లో ఒక పటాలానికి డాక్టరు. చలి, మంచు, రాత్రిపూట కాల్పులు, ఒంటరితనం. నాకంటే ఎక్కువే పడ్డాడు. అయినా ప్రతి ఉత్తరం చివర ఒక లెక్క రాసేవాడు: ఇంకా పదహారు నెలలు, ఇంకా తొమ్మిది నెలలు. రెండేళ్లు ఫీల్డు, తర్వాత కాల్పులు లేని పీస్ స్టేషన్. ఒకసారి నాలుగు నెలలు ఆలస్యమైంది, అదీ కొత్త తేదీతో సహా రాతపూర్వకంగా వచ్చిందట. నా జవాబుల్లో రాయడానికి లెక్కలేమీ ఉండేవి కావు.

మొదటి ఏడాది జులైలో ఒక రాత్రి ఇద్దరు పిల్లలను తెచ్చారు. అన్నదమ్ములు. నేల మీద ఒకే చాప మీద పడుకున్నారు. కట్లపాము. ఆ పాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు. తెల్లారగట్ల కడుపునొప్పి అంటారు, కళ్లు మూతలు పడిపోతాయి, తర్వాత శ్వాస ఆగుతుంది. శ్వాస ఆగినా చేత్తో అంబూ బ్యాగు నొక్కుతూ గాలి ఆడిస్తే పిల్లాడు బతుకుతాడు. గంటలు పట్టినా, ఒక రోజు పట్టినా బతుకుతాడు. మందు కంటే ఆ చెయ్యే ముఖ్యం. నా దగ్గర బ్యాగు ఒకటి. డాక్టరు ఒకడు. వాగు నిండింది.

నేనూ, మా అటెండరూ వంతులవారీగా నొక్కాం. మర్నాడు మధ్యాహ్నం వాగు తగ్గాక తమ్ముణ్ణి ఎడ్లబండి మీద దాటించి, జీపులో ఆదిలాబాద్ పంపగలిగాం. వాడు బతికాడు. అన్న తెల్లవారక ముందే పోయాడు. ఇద్దరిలో ఎవరికి బ్యాగు పెట్టాలో నేను ఎలా నిర్ణయించానని ఇన్నేళ్లలో చాలాసార్లు అడుక్కున్నాను. నిర్ణయించలేదు. ముందు ఎవరి శ్వాస ఆగితే వాడికి పెట్టాను, అంతే. ఎవర్ని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ అన్న మాటే నాకు అప్పటికి పాఠంలో ఎవరూ చెప్పలేదు. సైన్యంలో అది మొదటి పాఠమని తర్వాత మా స్నేహితుడు చెప్పాడు. ఇంకోటి కూడా అన్నాడు, "మా దగ్గరైతే రెండో బ్యాగు ఎందుకు లేదని నిన్ను కాదు, నీకు సామాన్లు పంపేవాణ్ణి అడుగుతారు."

ఏడాది పోయి మూడేళ్లయింది. పీజీ సీటు వచ్చింది. రిలీవింగ్ ఆర్డరు చేరిక గడువు దాటాక వచ్చింది. ఏ ఆఫీసు ఆలస్యం చేసిందో ఇప్పుడెందుకు. మరుసటి ఏడాది మళ్లీ పరీక్ష రాశాను. మా స్నేహితుడు ఆలోపు సైన్యం ఆసుపత్రిలోనే పీజీ పూర్తి చేసి బయటికొచ్చాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీసు. వాడికి అదృష్టం, నాకు కాదు అనుకుని చాలా ఏళ్లు గడిపాను. ఇప్పుడు అది అదృష్టంలా కనిపించడం లేదు. వాడి యజమాని వాడికి మాట కాగితం మీద రాసిచ్చాడు. నా యజమాని రాసివ్వలేదు.

అయ్యా, దూరం పోవడమంటే మా జిల్లాల వాళ్లకు భయం లేదు. జగిత్యాల నుంచి దుబాయి, సిరిసిల్ల నుంచి భీవండి, సూరత్, ఇలా తరాలుగా బతకపోయిన జనం. మా పిల్లలు కార్గిల్‌కైనా పోతారు, కెరమెరికైనా పోతారు. వాళ్లను వెనక్కి లాగేది దూరం కాదు, గడువు లేకపోవడం. మీరొక్కసారి గమనించండి: ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఇవాళ ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. 2008లో ఆదిలాబాద్ రిమ్స్ ఒక్కటే. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. నేను చదువుకున్నప్పుడు మెడిసిన్ సీటంటే వరంగల్ పోవాలి, లేదంటే హైదరాబాద్. ఆసిఫాబాద్‌లో మెడికల్ కాలేజీ అంటే అప్పుడు నవ్వేవాళ్లం. ఇది చిన్న పని కాదు, దీన్ని మెచ్చుకోకుండా ఫిర్యాదు రాస్తే నాకే పాపం తగులుతుంది. కానీ కాలేజీ బోర్డు పెట్టినంత త్వరగా అందులో పాఠం చెప్పేవాడు రాడు. ఆదిలాబాద్‌కు స్పెషలిస్టులు కావాలి, జీతం ఎక్కువిస్తాం అన్న ప్రకటనలు పేపర్లో ఎన్ని చూశానో. జీతం చూసి వచ్చినవాడు ఇంకో జీతం చూసి పోతాడు. నాగపూర్ దగ్గర, హైదరాబాద్ దూరం అయిన చోట రోగులూ అలాగే పోతారు.

కాబట్టి నేను అడిగేది డబ్బు కాదు. ఆర్డరు రాసే పద్ధతి మార్చమంటున్నాను. ఉట్నూరులోనో, జైనూరులోనో, తిర్యాణిలోనో వేసే ప్రతి డాక్టరు ఆర్డరులో రిలీవ్ అయ్యే తేదీ ఉండాలి. ఆ రోజుకు బదులు మనిషి రాకపోయినా ఈ మనిషిని వదిలేయాలి, బదులు తేవడం మీ పని. ఒంటరిగా వేయొద్దు. ఇద్దరు డాక్టర్లను, ఒకే రోజు, ఒకే చోటికి వేయండి, లేకపోతే ఆ కేంద్రం మూసి ఉంది అని నిజం చెప్పండి. క్వార్టర్ ఉందా అని చేరాక చూడటం కాదు, తాళం చెవి ఆర్డరుతోపాటే ఇవ్వండి. వానాకాలం వాగు దాటించే ఏర్పాటు కలెక్టరు దయ మీద కాకుండా ఎవరి ఉద్యోగమో రాసి ఉండాలి. వాగు నిండాక పిలవాల్సిన మనిషి పేరు, నంబరు డాక్టరు బల్ల మీద అంటించి ఉండాలి. సైన్యం చేసేది ఇంతే, ఇందులో రాకెట్ సైన్సు ఏముంది?

సర్వీసులో ఉన్నవాళ్లకు పీజీలో కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. కోటా ఉంది. కానీ ఏజెన్సీకి పోయే పిల్లకు "నువ్వు ఇక్కడ ఇన్నేళ్లు చేస్తే ఆ మర్నాడు నీకు ఇది" అని పోయే రోజే చెప్పేవాడు కావాలి. రూలు జీఓలో ఉంటే చాలదు, ఆమె చేతిలో ఉన్న కాగితంలో ఉండాలి.

ఇంకొక కోరిక, దీన్ని మీరు వింతగా చూడొచ్చు. పీజీలకు డీఆర్‌పీ మూడు నెలలు ఎలాగూ ఉంది. ఉస్మానియా, గాంధీ పీజీలు జిల్లా కేంద్రాల దాకా వస్తున్నారు. వాళ్లను ఉట్నూరు దాకా రానివ్వండి, కాకపోతే వెంట ఒక ప్రొఫెసరును పంపండి. పాఠం చెప్పేవాడు లేకుండా పంపితే అది శిక్షణ కాదు, కూలీ. హైదరాబాద్ తిరుమలగిరిలోనే పెద్ద మిలిటరీ హాస్పిటల్ ఉంది. రక్షణ శాఖతో మాట్లాడి అక్కడి డాక్టర్లను కొన్ని వారాలు ఆదిలాబాద్ పంపమనండి, మన పీజీలను కొన్ని వారాలు అక్కడికి పంపండి. వాళ్లకు మన సికిల్ సెల్, పాముకాటు, గడ్డిమందు కనిపిస్తాయి. మన వాళ్లకు రోగిని దారి పొడుగునా బతికించడం తెలుస్తుంది. ఏ చీఫ్ కింద ఎవరు, స్టైఫండ్ ఎవరిది అన్న తగాదాలు వస్తాయని తెలుసు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ సర్వీసు చేశాను, ఆ తగాదాలు కొత్త కాదు. ఫైలు మీద ఒక సంతకం చాలు.

అమ్మాయి మళ్లీ వచ్చింది, ఆప్షన్లు పెట్టే ముందు రోజు. నేను అన్నీ చెప్పాను. ఇక్కడ చదివితే వైద్యం ఎక్కువ నేర్చుకుంటావు, అక్కడ క్రమశిక్షణ ఎక్కువ నేర్చుకుంటావు అని. రాస్ కథ కూడా ఇంకోసారి చెప్పాను. ఆ అన్నదమ్ముల సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే భయపెట్టినట్టవుతుందో, లేక బతిమాలినట్టవుతుందో తెలియలేదు.

"నాకు ఆదిలాబాద్ అంటే ఇష్టమే సార్. హౌస్ సర్జన్సీల ఇంద్రవెల్లి క్యాంపుకు పోయినం, నాగోబా జాతరప్పుడు. ఆడనే ఉండిపోవాలనిపించింది" అంది. తర్వాత, "కని ఉట్నూరు ఏస్తే ఎన్నడు తిరిగొస్తనో ఎవలన్న రాసిస్తరా?" అని అడిగింది.

మిలిటరీ ముందు పెట్టింది. వాళ్లమ్మ ఇక్కడి టవర్ సర్కిల్‌లో ఒక ఉన్ని స్వెట్టర్ కొన్నదట, పుణె కశ్మీర్ అనుకుని. పుణెలో అంత చలి ఉండదని, డిసెంబరులో ఐదారు డిగ్రీలకు పడిపోయే మన ఆదిలాబాద్ అర్లి(టి)కైతే అది బాగా పనికొస్తుందని నేను నవ్వుతూ అన్నాను. ఆ తల్లి నవ్వలేదు. "సదువు, సర్వీసు అయినంక బిడ్డ గక్కడికే వస్తనంటుంది సార్. అప్పటికన్న మీ మంత్రిగారిని రాసియ్యమనుండ్రి" అంది. ఆమె మాట మీకు చేరవేస్తానని ఒప్పుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడిసిన్ టీచరు,
కరీంనగర్